పొగాకుకు పట్టుచీర వాసన

“బేళ్ల మీద పట్ట కప్పినావా?”

“కప్పినాలే, నువ్వు పడుకో.”

మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. అప్పటికి మేం పొగాకు వేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆకు కట్టిన బేలూ లేదు, దాని మీద కప్పే పట్టా లేదు. అయినా పోయేముందు ఆ మనిషికి అదే బెంగ. ఎందుకుండదు? ఒక ఏడు పంటంతా నా చేతికి అప్పగిస్తే, నిలువునా కొంప ముంచాను. ఎట్లా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. మా చెల్లెలి కూతురు సుజాత రాసిపెడుతోంది.

తొంభైల్లో మాట. ఉదయగిరి దగ్గర మెట్టలో వర్జీనియా పొగాకు వేసేవాళ్లం. మా ఆకు ఓడెక్కి దేశాలు పోతుందని మాకు గొప్ప. ఆ ఏడు రష్యావాళ్లు కొనడం తగ్గించేశారు. మిగతా దేశాలవాళ్లు కొత్తల్లుళ్లలా వంకలు పెట్టసాగారు. ఆకులో కోడి ఈక కనబడినా వద్దు, గోనె పోగు కనబడినా వద్దు. ధర రాకపోతే పొలం కౌలుకిచ్చి మేం కూలికి పోవాల్సిందే.

“పురుగు పట్టిందంటే ఓడ ఓడంతా తిరిగొస్తాదంట. జాగ్రత్తే!” అని చెప్పి, మా ఆయన వేలం సంగతులు కనుక్కోవడానికి ఆత్మకూరు పోయాడు.

పురుగు అనగానే నాకు నా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. అందులోని పెళ్లి పట్టుచీరను ఇన్నేళ్లలో పురుగు ముట్టలేదు. కలరా ఉండల మహిమ! బజారుకు పోయి సంచీడు తెచ్చాను. ప్రతి బేలులోనూ కూరాను. లడ్డులో జీడిపప్పు కూడా అంత ధారాళంగా వేసి ఎరగను. మా ఆయన తిరిగొచ్చినా పసిగట్టలేదు. చుట్ట తాగి తాగి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చింది.

వేలం రోజున ఆ పట్టుచీరే కట్టుకుని నేనూ వెళ్లాను. కంపెనీ బయ్యరు బేలులోంచి ఆకు లాగి వాసన చూశాడు. తుమ్మాడు.

“ఏందయ్యా ఇది, పొగాకా, బట్టల బీరువానా?”

“ఆకుది కాదు సార్, మా ఆడమనిషి చీరది. ఇప్పుడే పెట్టెలోంచి తీసి కట్టింది. ఏమే, అవతలికి పో! నీ చీర నా పంటకు ఎసరు పెడతా ఉండాది!” అని మా ఆయన కసిరాడు.

గేటు దాకా పోయాను.

“ఇంకా కొడతానే ఉండాది,” అన్నాడు బయ్యరు.

“ఇంకా దూరం పోవే!”

రోడ్డు దాటి టీ బంకు దాకా పోయాను. ఇంకో రెండుసార్లు అని ఉంటే దుత్తలూరు చేరేదాన్ని. ఈలోగా బయ్యరు బేలు విప్పించి దులిపించాడు. తెల్లటి ఉండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి మా ఆయన చెప్పు దగ్గర ఆగిందంట. రైతుల నవ్వులు రోడ్డవతలికి వినబడ్డాయి.

“దేశాలోళ్లు దీన్ని తాగాల్నా, కట్టుకోవాల్నా?” అని బయ్యరు బేళ్లన్నీ వాపసు చేశాడు.

అదే ట్రాక్టరులో, ఆ బేళ్ల మీదే కూర్చుని ఇంటిదారి పట్టాం. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. సగం దారిలో ఆయన నా వైపు తిరిగాడు.

“ఏమే, ఇంతకీ పురుగు పట్టిందా?”

“ఒక్కటి కూడా పట్టలేదయ్యా.”

“పురుగే ఛీ కొట్టిన ఆకును పరాయి దేశపోడు యెట్టా కొంటాడే, పిచ్చిదానా!”

అని ట్రాక్టరు ఊగేలా నవ్వాడు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. ఆ ఏడు పొలం కౌలుకు పోయింది. ఇద్దరం కలిసి కూలికి పోయాం.

ఇదిగో, అందరి ఎదుటా ఒట్టు పెడుతున్నాను. ఓడెక్కే సరుకు ఏదైనా సరే, ఈ జన్మలో దానికి కలరా ఉండ చూపించను. నా చీరను పురుగులు తింటే తిననీ.

సుజాతా, రాసినావా? ఏదీ, మీ పెదనాయన నవ్విన కాడి నుంచి ఒకసారి చదువు తల్లీ.