ప్రాసెసర్ మూతకు ఏ జిగురు

మా కోడలు కంప్యూటర్‌లోంచి ప్రాసెసర్ తీసి, దాని మీది రేకు మూతను బ్లేడుతో కోసి విడదీసింది. లోపల వేడిని మూతకు అందించే పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. వేడి తొంభై ఎనిమిది డిగ్రీలకు చేరి యంత్రం పని మధ్యలో ఆగిపోతున్నది అందుకే. కొత్త పేస్టు పూయడం సులువు. మూతను తిరిగి దేనితో అంటించాలన్నదే మా ముగ్గురి మధ్య వారం పాటు నలిగింది.

ఆ కంప్యూటర్ మా అబ్బాయి తన చేతులతో బిగించుకున్నది. వాడు పోయాక కోడలు దాని మీదే ఓడల్లోని పైపుల డ్రాయింగులు గీసి, పోర్టు దగ్గరి ఒక మరమ్మతు కంపెనీకి ఇంటినుంచే పంపేది.

"ఇది గాని పోయిందంటే ఇంక ఇంట్లో కూకుని సెయ్యలేనత్తయ్యా. హైదరాబాద్ ఆఫీసుకి రమ్మంతన్నారు, ఎల్లిపోవాల" అంది.

అది బెదిరింపు కాదు, ఉన్న మాట. నేనూ మా ఆయనా పోయిన అబ్బాయి ఊసు ఒకరి దగ్గర ఒకరం ఎత్తుకోం. ఎవరికి వాళ్లం ఆమె దగ్గరే ఎత్తుతాం.

మా ఆయన ఫిషింగ్ హార్బర్ వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశారు. అమ్మోనియా పైపుల జాయింట్లు లీకు కాకుండా బిగించడంతోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది.

"ఎపాక్సీ ఎయ్యమ్మా. రెండు ట్యూబులు కలిపి పూసీ. సచ్చినా రాదు."

"సచ్చినా రాపోతే, మళ్లీ పాడైతే ఎలా తీత్తాం మావయ్యా?"

చుక్కవేస్తే పట్టేసే గమ్ము సంగతి నేనడిగాను. అది గాజులా గట్టిపడి, వేడీ చలీ మారినప్పుడల్లా పగులుతుందట. బాత్రూమ్ అద్దానికి వాడగా మిగిలిన సిలికాన్ ఇంట్లో ఉంది గాని, అది వెనిగర్ వాసన కొడుతుంది. ఆ పులుపు లోహాన్ని తింటుందని కోడలు పక్కన పెట్టింది. చివరికి ఇంజన్ల అతుకుల్లో గాస్కెట్లకు వేసే నల్ల సిలికాన్ అని తేల్చాం. అది రబ్బరులా ఉంటుంది, వేడికి ఓర్చుకుంటుంది, కావాలంటే కోసి తీయొచ్చు.

వన్ టౌన్‌లో ఆటో స్పేర్ల షాపుకు నేనే వెళ్లాను. షాపతను ఇచ్చిన ట్యూబు మీద గడువు దాటిపోయి ఉంది.

"ఏటి మామ్మగారూ, మందుబిళ్లకి సూసినట్టు డేటు సూత్తన్నారు!"

"మందుబిళ్లయితే నేనొక్కదాన్నే పోతాను. ఇంకోటి తియ్యి."

నవ్వుకుంటూ లోపలినుంచి తెచ్చాడు. దాని తేదీ చూసి, కొద్దిగా పిండించి వాసన చూసి, పులుపు లేదని రూఢి చేసుకుని కొన్నాను.

పూసే పని మా ఆయన తీసుకున్నారు. కోడలు ఆయనకు పాత జిగురు మరక చూపించింది. నాలుగు వైపులా ఉన్న ఆ గీతలో ఒకచోట మాత్రం బియ్యపు గింజంత ఖాళీ. లోపలి గాలి వేడికి ఉబ్బితే బయటికి పోవడానికి.

"పల్చగా పూసి, ఇక్కడ సందు ఒగ్గీయండి మావయ్యా."

"సందా?" అన్నారు.

ఫ్యాక్టరీలో ఒకసారి జాయింటు దగ్గర వెంట్రుకంత సందు మిగిలి, గ్యాసు చిమ్మి, ఆయన తోటి ఫిట్టరు కళ్లు పోయాయి. అప్పటినుంచి మా ఇంట్లో కుళాయి చుక్క కారలేదు. ఊరగాయ సీసా మూత విప్పాలన్నా ఆయన్నే పిలవాలి.

ఫోను వస్తే కోడలు లేచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆయన మూత పెట్టి, పైన బరువు పెట్టేశారు. అంచుల్లోంచి నల్ల జిగురు నాలుగు వైపులా పొంగి ఉంది. మన ఊరి చెమ్మకు దాని మీద అప్పటికే పొర కట్టింది.

"ఇంక సీమ కూడా దూరదు" అన్నారు.

మర్నాడు ఆన్ చేస్తే వేడి తగ్గలేదు. దళసరి జిగురు మీద మూత ఎత్తుగా నిలబడిపోయి, కింది పేస్టుకు సరిగా ఆనలేదు. మళ్లీ కోద్దామంది కోడలు.

"నానేసింది నానే తీత్తాను" అని ఆయన బ్లేడు అందుకున్నారు.

"ఇటియ్యండి మావయ్యా." ఇవ్వలేదు. "మీకు సూపానదు, ఇటియ్యండి." ఇవ్వలేదు.

మూల దగ్గర బ్లేడు జారి, ప్రాసెసర్ అడుగు పచ్చటి పలక మీద సన్నటి గీత పడింది.

ఈసారి కోడలే పూసింది, సందు వదిలి. వేడి తగ్గింది. కాని ఆ బ్లేడు గీతకు లోపలి సన్నటి తీగ తెగి, మెమరీలో సగమే కనబడింది. చిన్నచిన్న డ్రాయింగులు తెరుచుకున్నాయి. ఓడ డ్రాయింగు ఒక్కటీ తెరుచుకోలేదు.

"సగం ఉంది కదా" అన్నారు మా ఆయన. కోడలు ఆఫీసుకు ఫోను చేసి వస్తానని చెప్పింది.

దువ్వాడ స్టేషన్లో ఆమెను హైదరాబాద్ రైలెక్కించాం. ఆవకాయ సీసా ఆయనే సర్దారు. వారానికి ఫోను వచ్చింది.

"అత్తయ్యా, సీసా మూత ఎంతకీ రాట్లేదు. మావయ్య గాని బిగించీసారేటి?"

ఫోను ఆయన చేతికిచ్చాను.

"వేణ్ణీళ్లలో ఎట్టమ్మా, వదుల్తాది" అన్నారు. ఆ తర్వాత, "రాపోతే పగలగొట్టీకు. అలాగే ఉంచు. నానొచ్చి తీత్తాను."