కాలిన ఆయిలు పోయాల్సిన చోటు

నా కూతురు పోయింది. దోమకాటు జ్వరమని కర్నూలు డాక్టర్లు చెప్పారు. కోడుమూరు దగ్గరి మా ఊరికి బిడ్డను తెచ్చేసరికి ఇంకో మాట తయారుగా ఉంది. కుక్కల గజ్జి ముట్టుకుంటే అది రక్తంలోకి ఎక్కి చచ్చిపోయిందంట. నేను ఐదో తరగతి చదివిన దాన్ని, రాయడం సరిగా రాదు. అయినా ఆ మాట అబద్ధమని చెప్పడానికే రాస్తున్నాను.

నా కూతురు పశువుల డాక్టరు. ఎనుములు, గొర్రెలతో పాటు కుక్కలనూ చూసేది. "ఏమమ్మా కుక్కల డాక్టరమ్మా, మాకూ ఒక సూది వెయ్" అని రచ్చకట్ట మీద మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "నువ్వు ఎవుర్నన్నా కరిచినప్పుడు చెప్పు మామా, వేస్తా" అని నవ్వుతూ పోయేది.

పక్కింటి అక్కకు ఒక ఎర్ర కుక్క ఉంది. వానలు పడి వయ్యారిభామ మొక్కలు పూసినప్పుడల్లా అది గోక్కుని, కాళ్లు నాక్కుని పుండ్లు చేసుకునేది. అక్క ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిలు పూసేది. మా దిక్కు గజ్జి కుక్కకు అదే మందు. నా కూతురు చర్మం గీకి తీసుకుపోయి చూసి, పురుగు లేదంది.

"ఇది గజ్జి కాదు పెద్దమ్మా. ఎవురికీ అంటుకోదు. ఆ ఆయిలు కుక్కకు పూసేది కాదు, మీ ఇంటి ముందర కాలవలో పోయండి. దోమలన్నా చస్తాయి."

"మరి ఎందుకట్లా గీక్కుంటాండాది?" అని నేనడిగాను.

"శెనక్కాయ చేనులో పందులు పడకుండా కాపలాదార్లు డబ్బా కొడతారు కదమ్మా. ఒంట్లోనూ అట్లా కాపలా కణాలు ఉంటాయి. ఈ కుక్క కాపలాదార్లు పూల దుమ్మును చూసి పంది అనుకుంటాండారు. ఒగడు కేకేస్తాడు. చర్మంలో కూర్చున్నోడు సంచి విప్పి మంట చల్లుతాడు. దురద ఆడ్నుంచే."

"పంది కాదని చెప్పరాదా?"

"ఇనరమ్మా. ఒగసారి పొరబడినోళ్లు ఆ పొరపాటునే గుర్తు పెట్టుకుంటారు. మళ్లా అదే దుమ్మొస్తే ఇంకా గట్టిగా కొడతారు. మందేసి అణిచిపెట్టుకోవాల, అంతే."

మందులిచ్చింది. కుక్క చేను నుంచి వచ్చినప్పుడల్లా దాని కాళ్లు తడిగుడ్డతో తుడిచేది. వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. "మీ పిల్ల బంగారం చెల్లే" అని అక్క అంది. ఆ నోటితోనే అంది.

నా బిడ్డ పెద్ద దినం నాడు అదే అక్క మా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టలేదు. "ఆ కుక్కను ముట్టుకోవద్దంటే ఇన్నిందా?" అని పక్కామెతో అంటుంటే నా చెవిన పడింది. నా బిడ్డ చెప్పిన కాపలాదార్లు నాకప్పుడు అర్థమయ్యారు. మా ఊరి నోళ్లు వాళ్లే. నిజమైన పంది దోమే, అది ఆ కాలవలో గుయ్యిమంటుంటే దాని మీద ఒక్క డబ్బా మోగదు. పోయిన పిల్ల మీద మాత్రం ఊరంతా కొడతారు.

మొన్న పొద్దున తలుపు తీస్తే ఎర్ర కుక్క గడప ముందు, నా బిడ్డ చెప్పుల పక్కన కూర్చుని ఉంది. ఒళ్లంతా నల్లటి ఆయిలు. డాక్టరు లేదు కదా, అక్క మళ్లీ పూసింది.

దాన్ని వీధిలోకి తెచ్చాను. అందరూ చూసేటట్టు, చేతికి గుడ్డ కూడా చుట్టుకోకుండా, నా బిడ్డ దాచిపెట్టిన సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను.

అక్క గోడ మీదుగా కేకేసింది. "ఏం పని చెల్లే అది! నీగ్గూడా అంటుకుంటాది!"

"అంటుకుంటే నా బిడ్డ కాడికి పోదును గదక్కా. అంటుకోదు. అదే నా ఏడుపు."

కుక్క ఒళ్లు దులుపుకుంటే నల్ల చుక్కలు గడప దాకా ఎగిరి నా బిడ్డ చెప్పుల మీద పడ్డాయి. కడిగిన నీళ్లు వీధి వాలుకు పారి అక్క ఇంటి ముందరి కాలవలో కలిశాయి. నిలిచిన నీళ్ల మీద ఆ ఆయిలు రంగులు రంగులుగా, మెల్లగా, ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుంది.