నేను కొట్టేసిన వాక్యం

గార్ల దగ్గరి మా ఊరి సంఘంలో నేను సండే స్కూలు టీచర్‌ని. పోయిన ఏడాది, తొమ్మిదో తరగతి చదివే సువార్త ‘ప్రకృతి పట్ల మన బాధ్యత’ అని బడి పోటీకి వ్యాసం రాసి, దిద్దమని నాకిచ్చింది. అందులో ఒక వాక్యం చూడగానే నాకు ఒళ్లు మండింది. “మా చర్చి ప్రేమ విందు ప్లాస్టిక్ ప్లేట్లు వాగులో పారేస్తే, అవి తిని మా బర్రె చచ్చిపోయింది.” దాన్ని కొట్టేసి, “దేవుణ్ణి ఎరుగని కొందరు వాగులో చెత్త వేస్తున్నారు” అని పైన రాశాను.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆ వ్యాసం చదవమన్నారు. సువార్త నా వాక్యం దగ్గర ఆగిపోయింది.

“గిది నేను రాయలే. టీచరమ్మ రాసింది.”

“కూసో బిడ్డా, తర్వాత మాట్లాడుదాం,” అన్నాడు సంఘపెద్ద.

వెనక నుంచి సువార్త వాళ్ల నాయనమ్మ లేచింది. “ఎందుకు కూసుంటది? ఆ ప్లేట్లు వాగుల పోసింది దేవుణ్ణి ఎరుగనోళ్లా? తట్ట పట్టింది నువ్వే కదనే టీచరమ్మా. పాలెందుకు పోస్తలేవని అందరు అడుగుతుండ్రు. బర్రె ఏమైందని ఒక్కలన్న అడిగిండ్రా?”

సంఘపెద్ద నావైపు గుర్రుగా చూశాడు. సువార్త వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది.

“నేను రాసింది మీరే చదువుండ్రి టీచరమ్మా.”

చదివాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని ఆ పిల్లతో వల్లె వేయించింది నేనే. మోకరించి దేవుణ్ణి క్షమాపణ అడిగాను. ఆ ఇంటికి పోయి అడగడానికి మాత్రం నాకింకా ధైర్యం చాలలేదు.