ఒక్క బీడీ కాలేలోపు

జనగామ మున్సిపాలిటీలో నేను పంతొమ్మిదేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ఆ పంతొమ్మిదేళ్లలో వాన నీళ్లు ఎటు పోతాయో తెలిసిన మనిషిని ఒక్కణ్నే చూశాను. ఆయన ఇంజినీరు కాదు. బచ్చన్నపేట దగ్గరి తండా నుంచి కరువు తరిమితే టౌనుకు వచ్చి, దినకూలీ మీద మోరీల్లో, అంటే మురుగు కాలువల్లో, పూడిక తీసే హరిలాల్. మేము నక్షా పరిచి తలలు పట్టుకునే చోట ఆయన ఒక తెగిన రబ్బరు చెప్పు తెచ్చేవాడు.

చెప్పును మార్కెట్ చౌరస్తా దగ్గర మోరీలో పడేసి, వెంటనే బీడీ ముట్టించి, తాపీగా నడుచుకుంటూ మోరీ అవతలి కొసకు పోయేవాడు. బీడీ కాలేలోపు చెప్పు అక్కడ తేలితే మోరీ బాగున్నట్టు. ఆలస్యమైతే ఎక్కడో మట్టి పట్టినట్టు. ఎంత ఆలస్యమైందో చూసి, ఏ ఇంటి ముందు తవ్వాలో కూడా చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. మా కొలతల పుస్తకాలు మాత్రం చాలాసార్లు తప్పాయి.

ఆ మోరీ అవతలి కొసన ఉన్నది పాతకుంట బస్తీ. సంగతంతా పేరులోనే ఉంది. కుంట పూడ్చి ప్లాట్లు చేసిన పెద్దమనుషులు ఎత్తు మీద ఇండ్లు కట్టుకున్నారు. కూలినాలి చేసుకునే జనం కుంట అడుగున చేరారు. మార్కెట్ వైపు పడ్డ వానంతా చౌరస్తాలోని ఇనుప జాలీలోంచి దిగి, మోరీలో పడి, బస్తీ కిందుగా వాగులో కలవాలి. ఆ జాలీ మూసుకుందా, నీళ్లకు మిగిలే దారి బస్తీ గల్లీ ఒక్కటే. గల్లీ చివర, అన్నిటికన్నా పల్లంలో ఉన్నది ముత్తమ్మ ఇల్లు.

ముత్తమ్మ హరిలాల్‌కు కులమూ కాదు, చుట్టమూ కాదు. భార్య పోయేనాటికి ఆయన కొడుకు మహేశ్‌కు మూడేండ్లు. పొద్దున్నే పిల్లవాణ్ని ముత్తమ్మ వాకిట్లో దింపి హరిలాల్ పనికి పోయేవాడు. జొన్నరొట్టె తినిపించి, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయి ఆమే పెంచింది. వాడు ఆమెను వాళ్ల భాషలో 'యాడీ' అని పిలిచేవాడు, అమ్మా అని. తుంటి విరిగి ముత్తమ్మ మంచాన పడ్డాక, కాలేజీకి పోయేముందు ఆమెకు నీళ్లు తెచ్చిపెట్టేది వాడే.

మహేశ్ డిగ్రీ చదువుతూ ఉద్యమంలోకి పోయాడు. 2010లో, ఇస్తామన్న రాష్ట్రం ఇక ఇవ్వరేమోనన్న దుఃఖంలో ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఏళ్లు. ఇంతకన్నా దాని గురించి రాయడం నా వల్ల కాదు.

మరుసటి ఏడు సకల జనుల సమ్మె. మున్సిపాలిటీకి తాళం వేసి మేమందరం టెంటు కింద కూర్చున్నాం. మా టౌను నుంచి పోయిన ఐదుగురి పేర్లతో అమరవీరుల స్తూపం కట్టాలని నిర్ణయమైంది. పోలీసులు అడ్డుపడేలోపు, ఒక్క పగటిపూటలో లేవాలి. జాగా ఎక్కడ? గొంతు చించుకుని జై తెలంగాణ అన్న దుకాణందార్లే, నా దుకాణం ముందు మాత్రం వద్దన్నారు. చౌరస్తాలో ఎవరూ నాదనని జాగా ఒక్కటి మిగిలింది, మోరీ జాలీ ఉన్న చోటు.

జాలీ మీద రేకు పరిచారు. ఉద్యమానికి మా టౌనులో ముందుండి నడిచిన కాలేజీ లెక్చరరు జగపతి మైకు పట్టుకుని, "మొదటి తట్ట అమరుని తండ్రి చేతుల మీదనే పడాలె" అన్నాడు. హరిలాల్ కాంక్రీటు తట్ట ఎత్తి నిలబడ్డాడు. కిందికి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. వెయ్యిమంది నినాదాల మధ్య 'ఇక్కడ వద్దు' అనడానికి సర్కారు జీతం తింటున్న నాకే నోరు పెగల్లేదు. కొడుకు పేరు చెక్కిన రాయిని ఎదురుగా పెట్టుకున్న తండ్రికి ఎలా పెగులుతుంది? తట్ట బోర్లించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

మరుసటి జూలైలో ఒక మధ్యాహ్నం రెండు గంటలు వాన దంచింది. నేను బస్తీకి చేరేసరికి గల్లీలో నడుంలోతు నీళ్లు. హరిలాల్ ముత్తమ్మను వీపున వేసుకుని ఎదురొస్తున్నాడు. ఆమె మంచం మునిగిందట, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడిందట. దుకాణం అరుగు మీద దింపితే ఆమె వణుకుతూనే ఆయన మొహం తుడిచింది.

"ఏడ్వకురా హర్యా. వాన పడ్డది, నీళ్లొచ్చినయి. గంతే."

గంతే కాదని బస్తీ మొత్తానికి తెలుసు. ముప్పై ఏళ్లలో రాని నీళ్లు స్తూపం కట్టిన ఏడాదిలోపే ఎందుకొచ్చాయో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఒక్కరూ హరిలాల్‌ను పల్లెత్తు మాట అనలేదు. తడిసిన బియ్యం వాకిట్లో ఆరబోసుకుంటూ ఆయన కనపడగానే మాట మార్చారు, చాయ్ తెచ్చి ఇచ్చారు. నలుగురు కూడి నాలుగు తిట్టినా ఆయనకు ఇంత బరువు ఉండేది కాదు.

మూడోనాడు నా దగ్గరికి వచ్చాడు. "సారూ, స్తూపం తీపిద్దాం. పిల్లగాడు పోయిండు, రాయి ఉంటె ఏంది, పోతె ఏంది? యాడి సచ్చిపోతది సారూ. మీరు జర నాతోని రాండ్రి."

ఆ మాట అనడానికి ఆయన మూడు రోజులు ఏం తిన్నాడో, ఎలా పడుకున్నాడో నాకు తెలియదు. ఇద్దరం జగపతి ఇంటికి పోయాం. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"హరిలాల్, నీ కొడుకు ఒక్కనిదే అయితె నువ్వు చెప్పినట్టే చేద్దుము. ఇంక నలుగురి పేర్లున్నయి. వాళ్ల తల్లుల కాడికి నువ్వు పోయి చెప్తవా, మీ పిల్లల రాయి కూలగొడుతున్నమని?"

జగపతే మళ్లీ అందుకున్నాడు.

"గా రాయి కూలగొట్టనియ్యొద్దని మేం పోలీసోళ్ల బండ్లకు అడ్డం పండుకున్నం. ఇప్పుడు మనమే తీస్తె ఏమంటరు? జర ఓపిక పట్టు. రాష్ట్రం రానియ్యి, అన్నీ జేసుకుందాం."

సంగతి అప్పటికే పొక్కినట్టుంది, తిరిగి వస్తుంటే చౌరస్తా దగ్గర ఎవరో గుసగుసలాడటం మా ఇద్దరికీ వినపడింది. ఆంధ్రోళ్ల దగ్గర పైసలు తిన్నాడేమోనని. కొడుకును ఇచ్చిన మనిషిని అన్న మాట అది. నాకు ఒళ్లు మండింది, చెయ్యెత్తబోయాను. హరిలాల్ నా చెయ్యి పట్టుకుని ఆపి ముందుకు నడిచాడు.

స్తూపాన్ని ముట్టకుండా పక్క నుంచి పైపు వేసి మోరీలో కలపొచ్చని నేను ఎస్టిమేటు రాసి పెట్టాను. తవ్వితే స్తూపానికి పగులు వస్తే జవాబుదారీ ఎవరిదని రాసి ఫైలు వెనక్కి పంపారు. ఇంకోసారి పెట్టాను. ఈసారి వెనక్కి కూడా రాలేదు.

ఆ తర్వాత మబ్బు పడితే చాలు, హరిలాల్ పని వదిలేసి గల్లీకి ఉరికేవాడు. ఇసుక బస్తాలు అడ్డం వేసేవాడు. అవి ఆగకపోతే ముత్తమ్మను వీపున ఎత్తుకునేవాడు. మోరీలో చెప్పు వేయడం మానేశాడు. ఒకసారి నేనే ఉండబట్టలేక జాలీ ఎగువన ఒక చెప్పు పడేసి కొసన కూర్చున్నాను. కట్ట బీడీలు అయిపోయాయి, చెప్పు రాలేదు.

2014 జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. చౌరస్తా అంతా గులాలు రంగు, పటాకులు. స్తూపానికి కొత్త రంగు వేశారు. అడుగున గద్దె పెంచి ఇంకా వెడల్పు చేశారు. హరిలాల్‌కు శాలువా కప్పారు. మహేశ్ పేరు మీద బంతిపూల దండ ఆయనే వేశాడు, రాయిని రెండుసార్లు నిమిరాడు. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"రాష్ట్రం వచ్చిన్నాడు వాన! ఎంత శుభం!" అన్నాడు జగపతి. జనం తడుస్తూ ఆడారు. నిజానికి నాకూ ఆడాలనిపించింది, పదిహేను రోజుల జీతం కోత పెట్టుకుని సమ్మె చేసినవాణ్ని. హరిలాల్ మాత్రం శాలువాతోనే గల్లీ వైపు పరుగెత్తాడు. నేనూ వెనకే ఉరికాను.

ఇద్దరం ముత్తమ్మను మంచంతో సహా ఎత్తి దుకాణం అరుగు మీద పెట్టేసరికి వాన జోరందుకుంది. చేసేది ఇంకేమీ లేదు. ఆయన గోడకు ఆనుకుని బీడీ ముట్టించాడు. గల్లీ మలుపులో నీళ్లు కనిపించాయి, రంగులు కలిసి ఎర్రగా. వాటి మీద బంతిపూల దండ తేలుతూ వచ్చి ముత్తమ్మ గడప దగ్గర ఆగింది.

ముత్తమ్మ దాన్ని చూసింది. రెండేళ్లలో ఒక్కనాడు కూడా ఏమీ అడగని మనిషి, మెల్లగా అడిగింది.

"రాష్ట్రం వచ్చింది గద హర్యా. ఇగనన్న ఆ రాయి తీస్తరా, బిడ్డా?"

హరిలాల్ నా వైపు చూశాడు, తట్ట ఎత్తిన రోజు చూసినట్టే. నేను నీళ్ల వైపు చూశాను. ఆయన చేతిలో బీడీ ఇంకా సగం కూడా కాలలేదు.