సాయిలు వెనక ఆకాశం

2023 ఫిబ్రవరి, శివరాత్రికి ముందు వారం. అప్పట్లో నేను బోధన్ బస్టాండు దగ్గర మా మేనమామ ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. కెమెరా మీది ఇష్టంతో అక్కడే ఉండిపోయాను. పెళ్ళిళ్ళు లేని ఆదివారాలు వర్ని ఊరి అవతలి అడవికి వెళ్ళి పిట్టల ఫొటోలు తీసేవాణ్ణి. మిగతా రోజుల్లో స్టూడియోకు వచ్చే పని మూడు రకాలు: పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ళ పటాలు.

పటం పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఇంట్లోవాళ్ళు ఆధార్ కార్డో పాత గ్రూపు ఫొటోనో తెస్తారు. మేము ముఖాన్ని కత్తిరించి, మచ్చలు తుడిచి, మెడ కింద నల్లకోటు తొడిగి, వెనక ఒక బ్యాక్‌గ్రౌండ్ పెడతాం. కంప్యూటర్లో వీటిని లేయర్లు అంటాం, అద్దాల్లా ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు. మా దగ్గర ‘స్వర్గం’ అనే ఫోల్డరు ఉండేది. అందులో నీలాకాశం, తెల్లమబ్బులు, మంచుకొండలు. బోధన్ చుట్టుపక్కల ఎన్నో గోడల మీద చెరకు రైతులూ హమాలీలూ ఒకే కోటులో, అవే మబ్బుల ముందు, దండలు వేసుకుని ఉంటారు. అందులో తప్పుందని ఎవరూ అనలేదు. గంగామణి వచ్చేదాకా నేనూ అనుకోలేదు.

ఆమె బీడీలు చుట్టే మనిషి. భర్త సాయిలు అడవిలో వాచర్‌గా చాలా ఏళ్ళు కూలి మీద పనిచేసి, గుండెపోటుతో పోయాడు. ఏడాది మాసికం దగ్గరపడింది. కొడుకు నరేశ్ ఆటో నడుపుతాడు. తండ్రి గుర్తింపు కార్డు నా బల్ల మీద పెట్టి, “అన్నా, కోటు ఏసి ఇయ్యి. టై గూడ. మా అత్తగారోళ్ళు అందరు వస్తరు” అన్నాడు.

“కోటా?” అంది గంగామణి. “పెండ్లి నాడే ఎయ్యలె, సచ్చినంక ఏస్తడా?”

నేను నమూనా కోసం తెర మీద మంచుకొండలు చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది.

“గివి యాడియి కొడుకా?”

“ఎక్కడివో తెలియదు అవ్వా. అందరికీ ఇవే పెడతాం.”

“ఆయన డిచ్‌పల్లి దాటి పోయినోడు కాదు. గా సలిల నిలవెడితే గజగజ వణుకుతడు. ఉన్నన్నాళ్ళు అడివిలనే ఉండె. గా అడివి మొగులు పెట్టు” అంది, తెర మీది ఆకాశాన్ని వేలితో చూపిస్తూ.

నరేశ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. “నువ్వు నవ్వుతవ్ రా. రేపు నీ పిల్లలకు గీ పటమే తాత. ఎవడో కోటోడు తాత అయితడు” అంది. ఆమె భయం అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు వేరే ఫొటో లేదు. మేము ఏం తయారుచేస్తే ఇక ముందు ఆయన అదే.

కార్డు మీది ఫొటోలో ఇంకో చిక్కు ఉంది. సాయిలు కెమెరా వైపు చూడలేదు. కళ్ళు కొంచెం పైకి, పక్కకు ఉన్నాయి. సరిచేయాల్సినవాటిలో అది కూడా రాసుకున్నాను.

వెళ్ళబోతూ గంగామణి ఇంకొకటి అడిగింది. సాయిలు పని నుంచి వస్తూ, సందు మలుపులో ఒక ఈల వేసేవాడట. అది వినగానే ఆమె బీడీల చాట పక్కకు పెట్టి పొయ్యి మీద చాయ పెట్టేది. ఏందయ్యా ఈ ఈల అంటే, అడవిలో ఒక పిట్ట నేర్పిందనేవాడు. “ఆ పిట్ట ఎట్లుంటదో నేను సూడలె. దాన్ని గూడ పటంల పెట్టరాదు కొడుకా?”

ఆమెకు ఈల రాదు. గొంతుతో అని వినిపించింది: రెండు పొడుగు స్వరాలు, చిన్న విరుపు, తర్వాత మెట్లు దిగినట్టు కిందికి జారే మూడు. నేను నాకు తెలిసిన పాటపిట్టల వరస వేసుకుని, ఫోన్లో ఒక్కొక్క కూతా వినిపించాను. పికిలిపిట్ట కూత విని, “గిది మా జామచెట్టు మీద రోజు ఒర్రుతది. గిందుకోసం అడివికి పోవాల్నా?” అంది. వంగపండు పిట్టకు, “మంచిగున్నది గని ఆయనది కాదు.” షామా అనే అడవి పిట్ట కూతకు మాత్రం తల ఎత్తింది. “సురువు గట్లనే ఉన్నది... కాదు. ఆఖరికి కాదు.”

నా దగ్గరున్న కూత వేరే దేశంలో రికార్డు చేసింది. ఒకే జాతి పిట్ట ప్రాంతాన్ని బట్టి పాట మార్చుతుంది. మన అడవి షామా పాట చివర వేరుగా ఉండవచ్చని లెక్కవేశాను. సాయిలు కాపలా కాసిన వాగు దగ్గరికి వెళ్ళడానికి అటవీశాఖ అనుమతి తీసుకున్నాం. ఆదివారం చీకటితోనే నరేశ్ ఆటోలో ముగ్గురం బయలుదేరాం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది ఇంకా పోలేదు. కాలువ కింది వరి మళ్ళ మీద పొగమంచు ఉంది. చెరకు కొట్టిన చేలల్లో ఆకు కాల్చిన వాసన. అడవి మొదలయ్యాక టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి, మోదుగులు మాత్రం ఎర్రగా పూశాయి. ఒక చిన్న చెట్టు చూపించి తునికి అని చెప్పాను. గంగామణి ఆగిపోయింది.

“గిదా తునికి చెట్టు? నా ఏళ్ళు అరిగింది దీంతోనేనా?” అని మిగిలిన ఒక ఆకును వేళ్ళతో రుద్ది చూసింది. బీడీ ఆకు జీవితమంతా ఆమె ఇంటికే వచ్చింది. ఆమె అడవికి రావడం అదే మొదటిసారి.

వాగు ఒడ్డున కూర్చున్నాం. వెదురు పొదలో షామా దొరికింది. నల్లని తల, ఇటుక రంగు పొట్ట, పొడుగాటి తోక. కానీ అది నీడలో ఉంది, ఆకాశం వెలుగులో ఉంది. కెమెరాలోకి వచ్చే వెలుగు మోతాదును ఎక్స్‌పోజర్ అంటాం. పిట్టకు సరిపెడితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఆకాశానికి సరిపెడితే పిట్ట నల్ల చుక్క అవుతుంది. అందుకని విడివిడిగా తీశాను. ఫోన్లో రికార్డింగు నడుస్తూనే ఉంది.

పిట్ట పాడింది. రెండు పొడుగు స్వరాలు, చిన్న విరుపు. గంగామణి నా చెయ్యి పట్టుకుంది. పిట్ట అక్కడే ఆపేసింది. మళ్ళీ అదే, మళ్ళీ అక్కడే ఆగింది.

మా వెనక నుంచి ఈల వినిపించింది. మెట్లు దిగినట్టు జారే మూడు స్వరాలు. వేసింది నరేశ్. వేసినట్టు తనకే తెలియనట్టున్నాడు.

“నీకు యాదికున్నదారా?” అంది తల్లి.

“యాదికేందే. రోజు ఇంటి ముందట ఇన్న గద” అన్నాడు వాగు వైపు చూస్తూ.

ఎండ ఎక్కేదాకా ఉన్నాం. షామా రకరకాలుగా పాడింది కానీ ఆ మూడు స్వరాలు ఒక్కసారీ అనలేదు. రికార్డింగంతా మళ్ళీ విని, అదే మాట గంగామణికి చెప్పాను: “అవ్వా, ముందు ముక్క పిట్టదే. వెనక ముక్క ఆయనే కలిపి ఉంటాడు.”

“అంటే గది నాకే” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, నవ్వుతూ కొడుకును తిట్టింది: “కండ్లు తుడుసుకోరా. ఆటో నడపాలె.”

స్టూడియోలో చివరి పని చేస్తున్నప్పుడు ఇద్దరూ నా పక్కనే కూర్చున్నారు. కోటు మాట నరేశ్ ఎత్తలేదు. తండ్రి ఖాకీ చొక్కానే ఉంచాం. వెనక ఆ పొద్దుటి ఆకాశం పెట్టాను: పాలరంగు, అంచున టేకు కొమ్మలు, మూలన మోదుగు ఎరుపు.

“జర నీలం కలుపు అన్నా” అన్నాడు నరేశ్.

“కలపకు కొడుకా. గట్లనే ఉండె.”

కళ్ళు సరిచేద్దామని దగ్గరికి లాగాను. ఆ ఆకాశం ముందు అవి తప్పుగా లేవు, కొమ్మల్లోకి చూస్తున్నట్టున్నాయి. వదిలేశాను. పిట్టను ఎక్కడ పెట్టమంటారని అడిగాను.

“పటంల వద్దు. పటం వచ్చిపోయేటోళ్ళకు. పిట్టది చిన్నది తీసియ్యి, నా చాటల పెట్టుకుంట.”

ఇప్పుడు నిజామాబాద్‌లో నాకు సొంత స్టూడియో ఉంది. ‘స్వర్గం’ ఫోల్డరు తెచ్చుకోలేదు. పటం కోసం ఎవరొచ్చినా సైజు కంటే ముందు, ఆ మనిషి రోజూ ఎక్కడ నిలబడేవాడో అడుగుతాను. చెరకు గట్టు అంటారు, రైల్వే గేటు అంటారు, మిర్చి బండి అంటారు. వెళ్ళి అక్కడి ఆకాశం తీసుకొస్తాను. ముఖం సరిచేయడం డిప్లొమా లేకున్నా వస్తుంది. వెనక ఏముండాలో మాత్రం ఇంటివాళ్ళనే అడగాలి.

నరేశ్‌కు అప్పుడప్పుడు నిజామాబాద్ కిరాయి తగులుతుంది. షాపు ముందు ఆటో ఆపి హారన్ కొట్టడు. ఈల వేస్తాడు. పిట్ట ముక్క అయ్యేలోపు నేను మౌస్ వదిలి లేస్తాను. సాయిలు ముక్క వినిపించేసరికి గుమ్మంలో ఉంటాను.