ఉప్పు వేసిన నారింజ రసం

మా మేనమామ ప్రభువునందు నిద్రించారని, ధవళేశ్వరం నుంచి పడవ మీద గోదావరి దాటి వచ్చిన మనిషి చెప్పేసరికి నేను కొవ్వూరు బడిలో పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకుంటున్నాను. ఏడుపు వచ్చింది. ఆ వెంటనే ఉప్పు వేసిన నారింజ రసం గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. పిల్లలు బిత్తరపోయారు. మామయ్యను ఎరిగినవాళ్లు మాత్రం నన్ను తప్పు పట్టరు.

ఆయన ధవళేశ్వరంలో కాలవల ఇంజనీరు దొరగారి బంగళాలో వంటవారు. చేరిన కొత్తలో అక్కడి పెద్ద వంటవారి చేతికింద పనిచేసేవారు. ఆ పెద్దాయనకు ఒక్కతే కూతురు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల నవ్వగా ఎవరూ చూడలేదట. మామయ్య ఆమెను చేసుకుంటానని అడిగితే, ముందు దొరల విందు ఒకటి ఒంటిచేత్తో చక్కబెట్టు, తర్వాత చూద్దాం అన్నారట పెద్దాయన.

ఆ విందు ఒక ఆదివారం వచ్చింది. ప్రార్థన ముగించుకుని, పొద్దెక్కాక తీరుబడిగా తినే ఫలహారం. దాంతోపాటు నారింజ రసంలో షాంపేన్ కలిపి ఇవ్వాలని దొరసాని చెప్పింది. అది సీమ నుంచి వచ్చే, బుడగలు లేచే ద్రాక్షసారా. మామయ్య దాన్ని అంతకుముందు చూసి ఎరుగరు. మా వైపు అప్పటికి గోలీసోడా కూడా రాలేదు. నారింజ రసం మాత్రం ఆయనకు బాగా తెలుసు. మా ఇళ్లలో ఉప్పు వేయకుండా ఆ రసం చేతికిస్తే, వచ్చినవాళ్లను చిన్నబుచ్చినట్టే. దొరలు కదా అని ఇంకాస్త ధారాళంగా ఉప్పు వేసి, గ్లాసుల్లో పోసి, పైన షాంపేన్ వంచారు.

ఉప్పు తగలగానే నురగ లేచింది. గ్లాసులు దాటి, తెల్లటి బల్లగుడ్డ మీద పాకి, ఒక లావుపాటి దొర ఒళ్లోకి దిగింది. మామయ్య ఒక గ్లాసు మీద అరచెయ్యి మూస్తే పక్కది పొంగేది. బల్ల చుట్టూ అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఉద్యోగమూ పిల్లా ఒకేసారి పోయాయనుకున్నారు ఆయన. అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆపుకోలేక గోడ పట్టుకుని మరీ నవ్వింది. అది విని దొరసాని నవ్వింది, ఆ తర్వాత ఒళ్లు తడిసిన దొర కూడా.

సాయంత్రం పెద్దాయన మామయ్యను పిలిచారట.

"విందు తగలేశావు కదయ్యా. కానీ మా పిల్ల నవ్వింది. వచ్చే ఆదివారం గుడిలో మీ పెళ్లి ప్రకటన చదివిస్తాను."

ఆ పిల్లే మా అత్తయ్య. ఈ కథ వచ్చినప్పుడల్లా, నురగ అంతేం లేదని ఆవిడ తగ్గించేది. మామయ్య నోట అది వరండా దాటి కాలవ దాకా పోయేది. సోడాలు వచ్చాక ప్రతి ఈస్టరు ఉదయం, గుడి నుంచి రాగానే, షాంపేన్ బదులు గోలీసోడాతో మాకందరికీ ఆ విందు చేసేవారు. ఉప్పు మాత్రం మానలేదు. పాలు పొంగినా, కాలవ నీళ్లు పెరట్లోకొచ్చినా, ఇంట్లో మాటా మాటా పెరిగినా ఆయనది ఒకటే మాట: "పొంగనివ్వండి, తర్వాత తుడుచుకోవచ్చు." ఆ మాటతో నా కాపురంలో ఎన్ని గొడవలు చల్లారాయో నాకు తెలుసు. ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఆయన పోయాక వచ్చిన ఈస్టరుకు ధవళేశ్వరం వెళ్లాను. మట్టి చేసిన రోజు నుంచీ అత్తయ్య నోరు విప్పడం లేదు. మళ్లీ చిన్నప్పటిలా నవ్వు మరిచిపోతుందేమోనని మా అందరికీ భయం. గుడి నుంచి వచ్చాక తనే నారింజలు పిండింది, తనే ఉప్పు వేసింది. నేను సోడా కొట్టి పోశాను. నురగ గ్లాసు దాటి, ఆయన కూర్చునే వైపు బల్ల మీద పరుచుకుంది. గుడ్డ కోసం లేవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"పొంగనివ్వవే," అంది. కళ్లు తుడుచుకోకుండానే పకపకా నవ్వింది.

నురగ బల్ల అంచు దాకా వెళ్లి, చుక్కలు చుక్కలుగా ఆయన కుర్చీలోకి దిగింది.