ఒకటే గేటు

2006 జూన్‌లో పలాసలో విశాఖపట్నం బస్సెక్కాను. నా పక్క సీట్లలో అక్కుపల్లికి చెందిన తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఇంటర్ పాసైన ఆ పిల్ల ఫైర్ సేఫ్టీ డిప్లొమాలో చేరబోతోంది. విశాఖలో నిజంగా మంటలు పెట్టి ఆర్పించే కాలేజీ ఉందని, అందులోనే చేరతానని ఆమె పట్టుపట్టింది. తండ్రి మాత్రం టెక్కలి వరకే టికెట్లు తీశాడు.

"టెక్కల్లోదే అసలు సేఫ్టీ కాలేజీ మామ్మా," అన్నాడు నాతో. "ఎత్తు గోడ, కిటికీలకి ఊసలు, ఒకటే గేటు. దానికీ తాళమే. ఆడపిల్లకి ఇంకేటి కావాల?"

సేఫ్టీ అంటే ఆయనకు అర్థమైంది అది!

"లోపల మంటొత్తే ఎటు దూకాల నాన్నా?" అంది పిల్ల.

"నోర్ముయ్యే గుంటా."

నాకు ఒళ్లు మండింది. "మంటలార్పడం నేర్పే చోట ఒకటే గేటేమిటయ్యా? దాన్ని జైలంటారు," అన్నాను.

"నీ మనవరాలైతే ఇసాపట్నం పంపుతావేటి?"

"ఈ పూటే పంపుతాను."



టెక్కలిలో తండ్రి వెనకాలే దిగుతూ, ఆ పిల్ల బస్సు వెనకనున్న అత్యవసర ద్వారం వైపు వేలు చూపింది. "బస్సుకే రెండున్నాయి మామ్మా," అంది.

ఇప్పటికీ ఏ కల్యాణమండపానికి వెళ్లినా ముందు తలుపులు లెక్కపెడతాను. ఒకటే ఉంటే భోజనానికి కూర్చోను.